నాలుగు మగ్గాలు, నలుగురు దేవుళ్ళు

పోయిన వారం హేమావతిని మనం మంచి ఇరకాటంలో వదిలేసి వచ్చాం. అనంతపురంలో జిల్లా వినియోగదారుల కమిషన్ హాలు, పొద్దున పదకొండున్నర. జయచంద్ర తరఫు లాయరు దేవేంద్ర కోటు జేబులోంచి అరచేతిలో సగం కూడా లేని ఒక అట్టముక్క తీసి, అధ్యక్షుడి ముందు బల్ల మీద పెట్టి, "ఈ కేసు ఇంతటితో సరి సార్" అన్నాడు.

కొత్తగా చదువుతున్నవాళ్ళకి జరిగింది నాలుగు ముక్కల్లో చెబుతాను. హేమావతిది ధర్మవరం. తనూ భర్త రామదాసూ ఒక్క మగ్గం మీద పట్టుచీరలు నేసి బతుకుతారు. ఆర్నెల్ల కింద జయచంద్ర కొట్టులో ఒక వార్పు కొన్నారు. వార్పంటే మగ్గానికి నిలువుగా ఎక్కించే దారం, నాలుగు చీరల పొడవు ఉంటుంది. నికార్సయిన పట్టని చెప్పి అమ్మాడు. మూడు చీరలు నేసి హిందూపురంలో ఒక కొట్టుకి వేశారు. అక్కడ ఇస్త్రీపెట్టె తగలగానే చీర ముడుచుకుపోయింది. పోగు లాగి అంటిస్తే, పట్టు కాలినప్పుడు వచ్చే వెంట్రుకల వాసన రాలేదు సరికదా, ప్లాస్టిక్ కవరు కరిగినట్టు కరిగి బొట్టు కట్టింది. దొంగపట్టు అంటగట్టిందని ఆ కొట్టువాళ్ళు హేమావతి మీద పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు. ఇదేందన్నా అని జయచంద్రని అడగబోతే, "నేనిచ్చింది అసలు పట్టు, కల్తీ నువ్వే కలుపుకున్నావు" అని మెట్లు దించేశాడు.

పదిహేడో ఏట మగ్గం గుంతలో కాలు పెట్టిన మనిషి హేమావతి. ఇప్పుడు నలభై మూడు. ఇన్నేళ్ళ చేతికి దొంగ చెయ్యి అన్న పేరొచ్చింది. ఆ పేరు తుడిచేసుకోవడానికే ఈ కేసు. లాయరును పెట్టుకోలేదు. వినియోగదారు తన కేసు తానే చెప్పుకోవచ్చని చట్టంలోనే ఉందని వినియోగదారుల సంఘం హరినాథ్ సారు చెప్పాడు, ఈమె నమ్మింది.

ఇక అట్టముక్క సంగతి.

అధ్యక్షుడు కళ్ళద్దాలు సర్దుకుని పైకే చదివాడు. "శ్రీ చౌడేశ్వరి సిల్క్స్. పట్టుచీరల తయారీదారులు, హోల్‌సేల్ వ్యాపారులు. ప్రొప్రైటర్, రామదాసు."

బంగారు రంగు అక్షరాలు. ఓ మూల నెమలి కూడా ఉంది.

వెనక బెంచీలో కూర్చున్న ఆ ప్రొప్రైటరు గారు తల దించుకున్నాడు. ఆయన వేసుకున్న చొక్కాకి రెండో గుండీ లేదు, పిన్నీసు పెట్టుకుని వచ్చాడు. పక్కన కూర్చున్న సారా, అదే షెడ్డులో నేసే మనిషి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో, బాధో తెలియలేదు.

పేరు గొప్ప ఊరు దిబ్బ అని ఊరికే అనలేదు పెద్దలు. అయితే ఈ విషయంలో రామదాసుని ఒక్కణ్ణే ఆడిపోసుకోకూడదు. ధర్మవరంలో ఏ నేతవీధిలోకైనా పోయి చూడండి, ఒంటి మగ్గం మనిషి దగ్గర కూడా ఇలాంటి కార్డు దొరుకుతుంది. బెంగళూరులో పెద్ద కొట్లకి చీర మూట భుజాన వేసుకుని పోతే, వాకిట్లో కాపలావాడు అడిగే మొదటి మాట "కార్డుందా" అని. కార్డున్నవాడు వ్యాపారి, లోపలికి పోవచ్చు. లేనివాడు కూలివాడు, ఎండలో నిలబడాలి. అందుకని ప్రతివాడూ ఒక సిల్క్స్, ప్రతివాడూ ఒక ప్రొప్రైటరు. రామదాసు చేసిన తప్పల్లా ఆ కార్డుని కాపలావాడికి చూపించి ఊరుకోకపోవడం. ఐదువందలు అచ్చేయించాడు. పెళ్ళిళ్ళలో పంచాడు. జయచంద్ర కొడుకు పెళ్ళికి పోయి, పెళ్ళికొడుకు తండ్రి చేతిలో చదివింపుల కవరుతో పాటు ఒకటి పెట్టి వచ్చాడు. ఈ రోజు బల్ల మీద ఉన్నది అదే.

"ఈ కార్డు మీదేనా అమ్మా?" అని అడిగాడు అధ్యక్షుడు.

"మాదే సార్."

"ఒప్పుకున్నారు" అన్నాడు దేవేంద్ర, పాట పూర్తయినట్టు. "దయచేసి రికార్డు చేయించండి సార్. వ్యాపారం కోసం సరుకు కొన్నవాళ్ళు వినియోగదారులు కారని చట్టం స్పష్టంగా చెబుతోంది. ఈవిడ హోల్‌సేల్ వ్యాపారి. ఏదైనా తగాదా ఉంటే సివిల్ కోర్టుకి పోవాలి. ఈ కమిషన్ విలువైన సమయం..."

"సార్" అంది హేమావతి. గొంతు కొంచెం పెద్దదే అయింది. "కార్డు మాదని చెప్పినా. వ్యాపారం మాదని చెప్పల్యా."

"కార్డు మీద రాసుంది కదమ్మా?"

"లారీ ఎనక 'రాజా' అని రాసుంటాది సార్. తోలేటోడు రాజా అయితాడా?"

హాలులో ఎవరో కిసుక్కుమన్నారు. అధ్యక్షుడు నవ్వలేదు గానీ ఆయన పక్కన కూర్చున్న మహిళా సభ్యురాలు పెన్ను కింద పెట్టి హేమావతి వైపు తిరిగి కూర్చుంది. అప్పటిదాకా ఆమె కాగితాలే చూస్తూ ఉంది.

దేవేంద్ర అనుభవం ఉన్న మనిషి, తడబడలేదు. వెనక బెంచీ వైపు చెయ్యి చాపాడు. జయచంద్ర ఒక పెద్ద కవరు అందించాడు. జయచంద్ర గురించి కూడా ఒక మాట చెప్పాలి. తాతది రెడ్డి మునసబు పని, తమ్ముడిది రాజకీయం, తనది పట్టుదారం. ధర్మవరంలో నేసేవాళ్ళలో సగం మంది ఏదో ఒక రోజున ఆయన కొట్టు మెట్లెక్కినవాళ్ళే. ఆయనకి ఎవరైనా ఎదురు మాట్లాడితే కోపం రాదు, ఆశ్చర్యం వేస్తుంది. ఆ ఆశ్చర్యంతోనే నాలుగు వాయిదాలుగా హేమావతిని చూస్తున్నాడు.

కవరులోంచి ఒక ఫొటో వచ్చింది, క్యాలెండరంత సైజులో. రేకుల షెడ్డు, వరసగా నాలుగు గుంత మగ్గాలు.

"ఇది ఫిర్యాదుదారు వర్క్‌షాపు సార్. నాలుగు మగ్గాలు. నాలుగింటి మీద పనివాళ్ళు. కార్డు అబద్ధమంటే సరే, కెమెరా కూడా అబద్ధమాడుతుందా? కేసులో మాత్రం ఒక్క మగ్గం, నిరుపేద, కన్నీళ్ళు..."

హేమావతికి అరికాలి మంట నెత్తికెక్కింది. వార్పు కొన్న కొత్తలో జయచంద్ర కొట్టు గుమాస్తా వచ్చి, "మా కొట్టు గోడకి పెట్టుకోవల్ల, రవంత నవ్వండమ్మా" అని ఫొటో తీసుకుపోయాడు. నవ్వారు కూడా. సారా అయితే కొప్పులో పువ్వు సర్దుకుంది. ఆ నవ్వులన్నీ ఇప్పుడు సాక్ష్యంగా వచ్చాయి.

"ఏమ్మా, దీనికేమంటారు?" అన్నాడు అధ్యక్షుడు. గొంతులో ఇందాకటి నెమ్మది లేదు. నాలుగు మగ్గాలు కళ్ళెదుట కనిపిస్తుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు. తాము మోసపోతున్నామేమోనన్న అనుమానం ఆయన ముఖంలో కనిపిస్తూనే ఉంది. ఈ ఒక్క అభ్యంతరం నిలబడితే చాలు, దారం అసలుదో నకిలీదో చూసేదాకా కూడా పోకుండా కేసు కొట్టేస్తారు. అప్పుడు ఇక మిగిలేది పోలీసు ఫిర్యాదొక్కటే, అందులో దొంగ హేమావతి.

"ఆ ఫొటో ఒకసారి ఇస్తారా సార్?"

"అక్కడినుంచే చెప్పమనండి సార్" అన్నాడు దేవేంద్ర.

"ఆమె మీద పెట్టిన కాగితం ఆమె చూడకూడదా?" అంది సభ్యురాలు. "దగ్గరికి రండమ్మా."

హేమావతి పోయింది. ఫొటో రెండు చేతులతో పట్టుకుని చూసింది. మొదట కనపడింది తన మొహమే, వెర్రిబాగుల నవ్వుతో. తర్వాత మగ్గాలు. ఆ తర్వాత మగ్గాల వెనక గోడ. గోడ మీద ఆమె చూపు కాసేపు ఆగింది. లోపల ఏదో కుదుట పడింది. ఈ మగవాళ్ళు ఇంత ఖర్చు పెట్టి ఇంత పెద్ద ఫొటో వేయించి, అందులో ఏముందో చూసుకోలేదే అనుకుంది.

"మేడమ్, ఈ మొదటి మగ్గం పైన ఏముండాది?"

"దేవుడి పటం."

"ఏ దేవుడు?"

సభ్యురాలు ముందుకి వంగింది. "చౌడేశ్వరి అనుకుంటాను."

"మా ఇంటి దేవత. ఆ మగ్గం మాది. దాని పక్కదాని మీద?"

"నరసింహస్వామి."

"కదిరి సామి. అది ఓబులేసన్నది. మూడోదాని మీద ఏసుప్రభువు క్యాలెండరుండాది, అది సారాది, అదిగో ఆడ కూర్చోనుండాది. కడాది, నాలుగోది, మారుతి అనేటాయనది, దాని మీద కసాపురం ఆంజనేయసామి. సార్, మా దాంట్లో ఒక పద్ధతి ఉండాది. శుక్రవారం పొద్దన మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, ఇంటి దేవునికి మొక్కి, ఆ తర్వాతనే గుంతలో కాలు పెడతాము. ఎవురి మగ్గం మీద వాళ్ళ దేవుడు. ఇంగొకరి దేవుణ్ణి మన మగ్గం మీద పెట్టము. నాలుగు మగ్గాలూ నావైతే నలుగురు దేవుళ్ళు యాల సార్? నాకి ఒక చౌడమ్మ చాలు."

దేవేంద్ర గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు హాలుకోసం నవ్విన నవ్వు. "బాగుంది సార్. ఇక మనం పటాలను బట్టి యాజమాన్యం తేల్చాలన్నమాట. అమ్మా, యజమాని మంచివాడైతే పనివాళ్ళని వాళ్ళ వాళ్ళ దేవుళ్ళ పటాలు పెట్టుకోనివ్వడా? మా ఆఫీసులో గుమాస్తా బల్ల మీద కూడా సాయిబాబా ఉన్నాడు. అంతమాత్రాన నా ఆఫీసు గుమాస్తాదవుతుందా?"

ఈసారి హాలు బాగానే నవ్వింది. జయచంద్ర కూడా. హేమావతి ఆ నవ్వు అయ్యేదాకా ఆగింది.

"మంచి మాట చెప్పినారు సార్. గుమాస్తాని దేవుణ్ణి పెట్టుకోనిచ్చినారు. కరెంటు మీటరు పెట్టుకోనిస్తారా?"

"ఏమిటి?"

"పటాల కింద చూడండి మేడమ్. ఒక్కో పటం కింద ఒక తెల్లడబ్బీ ఉండాది. నాలుగు మగ్గాలకి నాలుగు మీటర్లు. షెడ్డు బాడిగది. నలుగురం పంచుకొన్న్యాము. ఎవురి బల్బు, ఎవురి కండెలకి దారం చుట్టే మోటారు కరెంటు వాళ్ళే కట్టుకోవల్లని ఓనరు పెట్టించినాడు. నేను యజమానినైతే నా షెడ్డులో నాలుగు మీటర్లు యాల పెట్టిస్తా? కూలికొచ్చినోని చేత కరెంటు బిల్లు కట్టించుకొనే యజమాని యాడన్నా ఉంటాడా సార్? మీరు కట్టించుకొంటారా మీ గుమాస్తాతో?"

అధ్యక్షుడు ఫొటోని దీపం కిందికి జరుపుకుని చూశాడు. సభ్యురాలు వేలితో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని చూపించింది. దేవేంద్ర కూడా తన దగ్గరున్న కాపీ తీసి చూసుకున్నాడు. తర్వాత జయచంద్ర వైపు చూసిన చూపులో, ఈ ఫొటో తీయించిన మహానుభావుడెవరయ్యా అన్న ప్రశ్న ఉంది.

"మూడో మగ్గం నాదే సార్" అని సారా వెనకనుంచి లేచి నిలబడింది. "బిల్లు గూడ నా పేరు మీదనే వస్తాది. తెమ్మంటే తెస్తా."

"మిమ్మల్ని అడగలేదమ్మా, కూర్చోండి" అన్నాడు అధ్యక్షుడు. కసురు మాత్రం లేదు ఆ మాటలో.

"ఇదంతా నోటిమాట సార్" అన్నాడు దేవేంద్ర. "ఎవరు పడితే వాళ్ళు వచ్చి ఇది నాది అంటే ఎలా?"

"నోటిమాట కాదు సార్, మీ ఫొటో" అంది హేమావతి. "తెచ్చింది మీరే గదా."

దేవేంద్ర ఒక్క క్షణం ఆలోచించాడు. లాయర్లలో ఒక జాతి ఉంటారు, ఓడిపోతున్నామని తెలిసినప్పుడు ఎదుటివాళ్ళ ఇంట్లో బలహీనమైన గోడ ఎక్కడుందో చూసి అక్కడ తోస్తారు. ఆయన నెమ్మదిగా వెనక్కి తిరిగాడు.

"సార్, మగ్గాలు వదిలేద్దాం. కార్డు మీద ప్రొప్రైటర్ అని ఉన్న వ్యక్తి ఇదే హాలులో ఉన్నాడు. పాతికేళ్ళుగా మా క్లయింటు దగ్గర సరుకు తీసుకుంటున్న మనిషి. ఆయన్నే అడగండి. తాను వ్యాపారినా, కాదా."

జయచంద్ర కూడా వెనక్కి తిరిగి రామదాసు వైపు చూశాడు. కళ్ళెర్ర చేయలేదు. ఊరికే చూశాడు. చాలాకాలంగా ఆ చూపుకి రామదాసు వంగి నమస్కారం పెట్టడం అందరికీ తెలిసిందే.

రామదాసు మంచివాడు. మగ్గం మీద ఆయన వేలు పడితే బుటా ప్రాణం పోసుకుంటుంది. కానీ నలుగురిలో నోరు విప్పమంటే మాత్రం చెమట్లు పడతాయి. ఈ కేసు వద్దు అని ఆయన మొదటినుంచీ అంటూనే ఉన్నాడు. నీళ్ళలో ఉండి మొసలితో పగ యాల హేమా, అని వంద సార్లు అని ఉంటాడు. వాయిదాలకి తోడు వచ్చాడే గానీ ఒక్కసారి కూడా లోపల మాట్లాడలేదు.

"చెప్పండి" అన్నాడు అధ్యక్షుడు.

రామదాసు లేచాడు. పిన్నీసు పెట్టిన చోట చొక్కా పట్టుకున్నాడు. ఒకసారి జయచంద్రని చూశాడు, ఒకసారి బల్ల మీద కార్డుని చూశాడు.

"ఆ కార్డు అబద్ధం సార్" అన్నాడు చివరికి. "నేనే అచ్చేయించినా. బెంగళూరులో వాకిలి కాడ ఆపేస్తారని ఒకటి. ఇంగొకటి..." ఆగాడు. "ఇంగొకటి, నాకి గూడ రవంత గొప్పగా ఉంటాదని. పెండ్లిలో అందురూ కార్డులిస్తాంటే నేను ఉత్త చేతుల్తో నిలబడల్లంటే సిగ్గయ్యేది. అంతే సార్. నేను యజమానిని కాదు. మగ్గం గుంతలో కూర్చుంటే నడుము దాకా భూమిలో ఉంటాము. వ్యాపారస్తుడు ఎవురన్నా భూమిలో కూర్చుంటాడా? ఈయమ్మ నేస్తాది, నేను నేస్తా. మూడో మనిషి లేడు మాకి. మా కష్టం మీద మేం బతుకుతాండాము."

అని కూర్చున్నాడు.

హేమావతి కళ్ళు నిండిపోయాయి. పెళ్ళయిన ఇరవైరెండేళ్ళలో ఆమెకి ఆయన మీద ప్రేమ కలిగిన రోజులున్నాయి, జాలి కలిగిన రోజులు ఇంకా ఎక్కువ ఉన్నాయి. గర్వం కలగడం మాత్రం ఇదే మొదలు. నలుగురి ముందు తన గొప్ప తనే చించి పారేశాడు ఆ మనిషి. కన్నీళ్ళు తుడుచుకోలేదు, కారితే కారనిమ్మంది.

ఆమె అధ్యక్షుడి వైపు తిరిగి, రాత్రంతా కూర్చుని కంఠస్థం చేసిన మాటలు చెప్పింది. "సార్, నాకి చట్టమంతా తెల్దు. ఒక్క ముక్క తెలుసు. సొంతంగా పని చేసుకొని బతికేటోడు, తన బతుకుతెరువు కోసరం కొన్న సరుకు వ్యాపారం కిందకి రాదని అదే చట్టంలో ఉండాదంట. లాయరు సారు ముందర వాక్యం చదివినాడు, దాని కిందిది చదవల్యా. మీరు చదవండి. ఆ మాట మా అట్లాటోళ్ళ కోసరమే పెట్టినారని నేను అనుకొంటాండా."

అధ్యక్షుడూ సభ్యురాలూ తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకున్నారు. మూడు నిమిషాలు పట్టిందేమో. హేమావతికి మూడు చీరలు నేసినంత కాలం పట్టినట్టు అనిపించింది. తర్వాత అధ్యక్షుడు గొంతు సవరించుకుని టైపు చేసే అమ్మాయికి చెప్పడం మొదలుపెట్టాడు.

"ఫిర్యాదుదారు స్వయం ఉపాధితో జీవించే చేనేత కార్మికురాలని ఎదుటి పక్షం దాఖలు చేసిన ఫొటోను బట్టే కనిపిస్తోంది. ఆమె వినియోగదారు నిర్వచనం కిందికి వస్తారు. అభ్యంతరాన్ని తోసిపుచ్చుతున్నాం."

సారా వెనకనుంచి "స్తోత్రం" అంది, కొంచెం గట్టిగానే.

"ఇక దారం సంగతి" అన్నాడు అధ్యక్షుడు. "నేసిన చీరలు పరీక్షకి పంపితే కల్తీ ఉందని తేలవచ్చు. అది ఎవరు చేసిన కల్తీయో తేలదు. నేయకుండా మిగిలిన వార్పు ఉందన్నారు కదా, ఎక్కడుంది?"

"మగ్గం మీదనే ఉండాది సార్. నాలుగో చీరది. చివర జయచంద్రన్న కొట్టు సీసం సీలు అట్లనే ఉండాది. కేసు ఏసిన దినం దుప్పటి కప్పినా, మళ్ళ ముట్టల్యా. కూలికి వేరే వాళ్ళింట్లో నేస్తాండా."

"రేపు పది గంటలకి కమిషన్ తరఫున ఒక న్యాయవాది వస్తారు. ఇరుపక్షాల సమక్షంలో వార్పు తీసి, సీలు వేసి, పరిశోధనశాలకి పంపుతారు. అంతవరకు దాన్ని ఎవరూ తాకకూడదు. మిగతా సంగతులకి ఈ రోజే పన్నెండున్నరకి మళ్ళీ కూర్చుంటాం."

గెలుపంటే ఇదే. ఇంకా సగమే గానీ, గెలుపే. ఒక్కటే హేమావతికి తేడాగా తోచింది. సీలున్న వార్పు పరీక్షకి పోతుందంటే జయచంద్ర మొహం మాడాలి కదా. ఆయన మాత్రం నిదానంగా చేతిగుడ్డ మడిచి జేబులో పెట్టుకుని లేచాడు.

మెట్ల దగ్గర ఎదురయ్యాడు కూడా. "బాగా మాట్లాడినావు హేమావతీ. మా లాయరుకన్నా నువ్వే మేలు." తర్వాత రామదాసు భుజం మీద చెయ్యి వేశాడు. "ఏమప్పా రామదాసూ, నువ్వు మాట మీద నిలబడేటోడివి అనుకొంటిని" అని మెట్లు దిగి పోయాడు.

సారా, "నేను టీ చెప్పి బోండాలు కట్టించుకొని వస్తాక్కా, ఈ పొద్దు నా ఖర్చు" అని రోడ్డు దాటింది. భార్యాభర్తలిద్దరూ మెట్ల కింద నీడలో నిలబడ్డారు. హేమావతికి ఒళ్ళంతా తేలిగ్గా ఉంది. ఆయనతో ఏదైనా ఒక మంచి మాట అనాలనుకుంది, అలవాటు లేక ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"మామా, నువ్వు అంత మాట..."

"హేమా" అన్నాడు ఆయన. గోడకేసి చూస్తున్నాడు. "రేపు ఆ లాయరప్పని రావద్దని చెప్పు."

"యాల?"

"దుప్పటి కింద ఏమీ లేదు."

ఆమెకి అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా కాసేపు అర్థం కానట్టే నిలబడింది.

"నిన్న పొద్దన నువ్వు హరినాథ్ సారు కాడికి పోయినావు గదా. షెడ్డుకి ఇంగెవురూ రాకముందే జయచంద్రన్న మనిషిని తోడుకొని వచ్చినాడు. కార్డు చూపించి, ఈ కేసు రేపు ఎట్లన్నా కొట్టేస్తారప్పా, ఆ పైన పోలీసులు మీ ఇంటిదాన్ని పిల్చుకొని పోతారు అన్న్యాడు. ఆ మిగిలిన వార్పు ఇచ్చేస్తే హిందూపురమోళ్ళతో చెప్పి కంప్లయింటు వాపసు తీయిస్తానన్న్యాడు. నిన్ను స్టేషన్‌లో కూర్చోబెడితే నేను చూడలేను హేమా. నాకి తోచల్యా. నా చేత్తోనే కోసిచ్చినా."

"నా మగ్గం మీది వార్పు, నాకి చెప్పకుండా కోసినావు" అంది హేమావతి.

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేదని రామదాసుకి అనిపించింది. ఇందాక కళ్ళలో నిండినవి ఇంకా ఆరనే లేదు, అంతలోనే ఇది. ఈ మనిషిని ఏం చేయాలి దేవుడా, కొట్టాలా, ఏడవాలా అనుకుంది. ఆపైన ఆమె బుర్ర, పాతికేళ్ళుగా తెగిన పోగు ఎక్కడ తెగిందో వెతికే బుర్ర, దాని పని అది చేసింది.

"అచ్చు కాడ ఎంత వదిలినావు?"

"ఆఁ?"

"మగ్గం అచ్చులో పోగులు లాగేసినావా? వదిలినావా?"

"వదలక ఎట్ల?" అన్నాడు రామదాసు, అలాంటి ప్రశ్న ఎవరైనా అడుగుతారా అన్నట్టు. "జానెడు వదిలినా. మళ్ళ కొత్త వార్పు దేనికి అతకల్ల?"

ఇదీ నేతగాడి తప్పు, నేతగాడి పుణ్యం. ప్రపంచం మునిగినా ఏ సాలెమనిషీ మగ్గాన్ని బోడిగా వదలడు. పాత వార్పు చివర జానెడు పోగులు అచ్చులోనే, అంటే పోగులు దూర్చే దువ్వెనలాంటి చట్రంలోనే, ఉంచి, కొత్త వార్పుని ఒక్కో పోగూ వాటికే అతుకుతాడు. లేదంటే వేల పోగులు మళ్ళీ మొదటినుంచి అచ్చులో దూర్చాలి. జయచంద్ర దారం అమ్ముతాడు గానీ ఏనాడూ గుంతలో కూర్చోలేదు. సీలున్న చుట్ట చేతికొచ్చింది, అంతా వచ్చిందనుకుని పోయాడు.

"అయితే పరీక్షకి దారముండాది" అంది హేమావతి. "సీలు లేదు. ఆ జానెడు జయచంద్రన్న వార్పుదేనని చెప్పేదానికి సీలు లేకపోతే మనిషి కావల్ల. కోసిన మనిషి."

రామదాసు మొహం పాలిపోయింది. "నేనా? సాక్ష్యం మాయం చేసినోణ్ణి అని నన్నే లోపలేస్తారు హేమా."

"ఏస్తే ఏయనీ. నేను తోడుంటా. వాళ్ళు మళ్ళ కూర్చుండేది పన్నెండున్నరకి. ఇప్పుడు నాకి చెప్పింది ఆడ చెప్పు. పద పైకి."

ఆమె మెట్లెక్కడం మొదలుపెట్టింది. వెనక్కి చూడలేదు. చూస్తే ఆయన రాడని తెలుసు, చూడకపోతే రావచ్చని ఆశ. నాలుగు మెట్లెక్కాక వెనక చెప్పుల చప్పుడు వినపడింది. వస్తున్నాడు. అడుగులు తడబడుతున్నాయి గానీ వస్తున్నాడు.

"రామదాసూ" అని కింద నుంచి ఒక గొంతు పిలిచింది.

జయచంద్ర పోలేదు. వాకిట్లో కారు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇప్పుడు నింపాదిగా నడిచి వచ్చి మెట్ల మొదట్లో నిలుచున్నాడు. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది.

"పైకి పోతే పో అప్పా, నేనొద్దనను. పొయ్యేముందర, వార్పుతో పాటు నిన్న దీని మీద ఏలిముద్ర కాదు, చక్కగా సంతకం చేసినావే, దీంట్లో ఏం రాసుండాదో మీ ఇంటిదానికి చెప్పి పో."

హేమావతి తిరిగి చూసింది. "ఏం కాగితం మామా?"



"నేను చెప్తా లే" అన్నాడు జయచంద్ర. "దారంలో కల్తీ కలిపింది హేమావతే, నా కండ్లారా చూసినా అని. రాసింది మొగుడు."

పైన హాలు తలుపు తీసి, జవాను పన్నెండున్నర కేసులు పిలవడం మొదలుపెట్టాడు. హేమావతి మొగుణ్ణి చూసింది. అది అబద్ధమని చెప్పమని ఆమె చూపు అడిగింది. ఆయన చెప్పలేదు. అప్పుడామె ఆయన్ని వదిలేసి, ఆయన తల మీదుగా జయచంద్ర కళ్ళలోకి సూటిగా చూసింది.

"ఆ కాగితం జేబులో పెట్టుకోవద్దు అన్నా. పట్టుకొని నువ్వు గూడ పైకి రా. అందరి ముందర చదువుదాం. నిన్న పొద్దన నా షెడ్డులో నువ్వు యాల ఉన్న్యావో, సీలున్న వార్పు యాల తీసుకొని పోయినావో ఆడ్నే చెబుదువు."

జయచంద్ర చెయ్యి గాలిలో ఆగిపోయింది. అతను కాగితం వైపు చూసుకున్నాడు. పైనుంచి జవాను "హేమావతి... ఎదుటి పక్షం జయచంద్ర..." అని కేకేశాడు. హేమావతి గిరుక్కున తిరిగి మెట్లెక్కసాగింది.

రామదాసు ఉన్నచోటే మెట్టు మీద కూలబడ్డాడు.